ఆకురాయి కాదు, తూకపురాయి

బేడ అంటే ఏమిటో మీ ఇంట్లో పిల్లల్ని ఒకసారి అడిగి చూడండి.

పెద్దవాళ్ళయితే ఠక్కున చెబుతారు, రెండణాలు అని. పావలాలో సగం. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాక అణాలూ బేడలూ మెల్లగా తప్పుకున్నాయి. నాణెం పోయిన కొన్నాళ్ళకి మాటా పోయింది. ఇప్పటి కుర్రాడు కాసేపు ఆలోచించి "బేడీలా?" అంటాడు. వాడి తప్పేమీ లేదు. తెలియని మాట ఎదురైతే, దానికి దగ్గరగా వినిపించే తెలిసిన మాటను పట్టుకోవడం మానవ నైజం.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. ఏదో పాత కాగితం మీద, కర్రు కాల్చి సాగగొట్టినందుకు కమ్మరి బేడ పుచ్చుకున్నాడని వ్రాసి వుంది. రెండు వేల యేళ్ళ తర్వాత ఆ కాగితం ఒక పండితుడి చేతిలో పడింది. అప్పటికి బేడ అనే మాట లోకంలో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క కాగితంలో తప్ప మరెక్కడా లేదు. పాపం ఆయన నాలుగు రాత్రులు జుట్టు పీక్కుని, కమ్మరి దగ్గర బేడీలు వుండేవని అర్థం వ్రాశాడనుకోండి. కూలి ఎంతో చెప్పిన వాక్యం కాస్తా సామాను జాబితా అయి కూర్చుంటుంది!

నవ్వుకోవడానికి బాగానే వుంది. కాని సరిగ్గా ఇటువంటి పనే ఒకటి జరిగింది. అదీ ఏ మారుమూల కాగితంలోనో కాదు, ప్రపంచంలో అందరికన్నా ఎక్కువమంది చదివిన గ్రంథంలో, బైబిలులో. ఆ మాట పేరు "పీమ్".

బైబిలు పాత నిబంధనలో సమూయేలు మొదటి గ్రంథం అని ఒకటుంది. దాని 13వ అధ్యాయంలో ఇశ్రాయేలీయుల మొదటి రాజు సౌలు యుద్ధాల కథ వస్తుంది. పండితుల లెక్క ప్రకారం క్రీస్తు పూర్వం 11వ శతాబ్దం చివరి మాట. అప్పుడు ఇశ్రాయేలీయులు కొండల మీద వుండేవారు. కింద సముద్రతీరపు మైదానంలో ఫిలిష్తీయులు. గాజా, అష్కెలోను, అష్డోదు, ఎక్రోను, గాతు అనే అయిదు పట్టణాలు వాళ్ళవి. ఆయుధబలం వాళ్ళదే, అధికారమూ వాళ్ళదే.

కొండ మీది వాళ్ళని అణచి వుంచడానికి ఫిలిష్తీయులు ఒక చిత్రమైన ఉపాయం పన్నారు. ఊళ్ళు తగలబెట్టలేదు, బావులు పూడ్చలేదు. ఇశ్రాయేలు దేశం మొత్తంలో ఒక్క కమ్మరి లేకుండా చేశారు, అంతే! కమ్మరి వుంటే కత్తులూ ఈటెలూ చేయించుకుంటారని భయం. కొలిమి లేని దేశంలో తిరుగుబాటు ఎక్కణ్ణించి వస్తుంది?

మరి కత్తి సంగతి సరే, కర్రు సంగతి ఏమిటి? దున్నేవాడికి కర్రు మొద్దుబారక తప్పదు. పార అరగక తప్పదు, గొడ్డలి వాదర పోకా తప్పదు. అందుకని ఇశ్రాయేలు రైతు ప్రతివాడూ తన పనిముట్లు భుజాన వేసుకుని, కొండ దిగి, శత్రువు కొలిమికి వెళ్ళేవాడు. మూల హీబ్రూలో "దిగి వెళ్ళారు" అనే మాటే వుంది. అది భౌగోళికంగా నిజం. మానం మర్యాద లెక్కన చూసినా నిజమే.

మన పల్లెల్లో కమ్మరికి కళ్ళం దగ్గర మేర కొలిచే ఆచారం వుండేది. ఊరి కమ్మరి ఊరివాడు. పంట పండితే ఆయనకీ పండినట్టే. కష్టకాలంలో నాలుగు గింజలు తగ్గినా సర్దుకునేవాడు. శత్రువు కొలిమి దగ్గర ఆ సర్దుబాటు వుంటుందా? అక్కడ అడిగినంతా ఇచ్చుకోవలసిందే. ఎంత అడిగారు మరి?

ఆ సంగతి గ్రంథం చెప్పింది. వెంటనే వచ్చే 21వ వచనంలో స్పష్టంగా చెప్పింది. చెప్పిన ఆ మాటే "పీమ్". చిక్కల్లా ఏమిటంటే, ఆ మాట హీబ్రూ బైబిలు మొత్తంలో ఆ ఒక్కచోటే వుంది. ముందు లేదు, తర్వాత లేదు. ఇటువంటి మాటల్ని పండితులు గ్రీకులో "హపాక్స్ లెగోమెనన్" అంటారు. ఒక్కసారే పలికినది అని అర్థం. హీబ్రూ బైబిలులో ఇలాంటి ఒంటి మాటలు వందల కొద్దీ వున్నాయి. ఒక మాట పదిచోట్ల వస్తే, ఒకచోట తెలియకపోయినా ఇంకోచోట సందర్భాన్ని బట్టి పోల్చుకోవచ్చు. ఒక్కచోటే వస్తే దానికి సాక్షి ఎవరు?

పోనీ, ఆ వచనంలో తక్కిన మాటలైనా సాయం చేస్తాయా అంటే, పీమ్ పక్కనే వున్న "పెత్సీరా" అన్నదీ ఒంటి మాటే. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపినట్టయింది.

క్రీస్తు పూర్వం 3, 2 శతాబ్దాల్లో యూదు పండితులు తమ గ్రంథాల్ని గ్రీకులోకి తర్జుమా చేశారు. అప్పటికే ఈ మాట వాళ్ళకి తెలియదు. వాళ్ళ గ్రీకులో ఇక్కడ పంట కోతకు సిద్ధంగా వుందన్న భావం వస్తుంది. ఆ తర్వాత పనిముట్ల సంగతీ, మూడు షెకెలుల మాటా వస్తాయి. డబ్బు వాసన తగిలింది కాని మాట చిక్కలేదన్నమాట. క్రీస్తు శకం 4వ శతాబ్దం చివర లాటిన్‌లోకి తెచ్చిన జెరోము మహా పండితుడు. బెత్లెహేములో కూర్చుని, యూదుల దగ్గర హీబ్రూ నేర్చుకుని మరీ పనిచేశాడు. ఆయన నాగళ్ళ వాదరలు మొద్దుబారిపోయాయని వ్రాసి ముందుకు సాగిపోయాడు.

మధ్యయుగపు యూదు వ్యాఖ్యాతలు మరోదారి పట్టారు. హీబ్రూలో "పె" అంటే నోరు. "ఈమ్" బహువచన ప్రత్యయం, మన "లు" లాంటిది. కెరూబీమ్, సెరాఫీమ్ అన్నప్పుడు చివర వినిపించేది అదే. కాబట్టి పీమ్ అంటే నోళ్ళు! వినడానికి వింతగా వుంది కాని, హీబ్రూలో కత్తి అంచును కత్తి నోరు అనే అంటారు. రెండువైపులా పదునున్న కత్తి రెండు నోళ్ళ కత్తి. ఆ లెక్కన, బోలెడు నోళ్ళున్న పనిముట్టు, అంటే గరుకు గరుకుగా గాట్లు గాట్లుగా వున్నది, ఇనుమును అరగదీసేది ఏమిటి? ఆకురాయి!

కుదిరింది. ఎంత చక్కగా కుదిరిందంటే, 1611లో వెలువడిన జేమ్సు రాజు ఇంగ్లీషు బైబిలులో ఆకురాయే ప్రవేశించింది. పక్కన అంచులో హీబ్రూలో నోళ్ళున్న ఆకురాయి అని వుందని వివరణ కూడా ఇచ్చారు. తరతరాలుగా మన తెలుగు క్రైస్తవుల ఇళ్ళల్లో చదువుకునే పాత అనువాదంలోనూ, ఆ వచనం తీసి చూస్తే, ఆకురాళ్లు మాత్రం వాళ్ళ దగ్గర వుండేవన్న అర్థమే కనిపిస్తుంది.

ఒక్క మాటే కదా, పోతే ఏం అనుకోవచ్చు. కాని ఆ ఒక్క మాట వాక్యానికి ఏం చేసిందో చూడండి. కమ్మరి లేకపోయినా ఫరవాలేదు, పాపం ఆకురాళ్లయినా వున్నాయి, ఇంటి దగ్గరే కాస్త గీకి పదును పెట్టుకునేవారు అని చదివినవాడికి కొంచెం ఊరట కలుగుతుంది. అసలు వాక్యంలో ఆ ఊరట లేదు. అక్కడున్నది ఒక ఫిర్యాదు. మమ్మల్ని ఇంత పిండారు అని, పిండిన మొత్తంతో సహా ఒక జాతి చెప్పుకున్న గోడు. రెండు వేల యేళ్ళకు పైగా ఆ గోడును లోకం వేరేగా విన్నది.

ఇక్కడ కొంచెం ఆగి, ఆ కాలపు డబ్బు సంగతి చెప్పుకోవాలి. సౌలు నాటికి నాణేలు లేవు. వెండి ముక్కల్ని త్రాసులో వేసి తూచి ఇచ్చేవారు. చాలాకాలం తర్వాత యిర్మీయా ప్రవక్త పొలం కొన్నప్పుడు కూడా పదిహేడు షెకెలుల వెండి త్రాసులోనే తూచాడు. షెకెలు అంటే మొదట నాణెం కాదు, తూనిక. సుమారు 11.3 గ్రాములు. మన తులం 11.66 గ్రాములు కదా, దానికి ఇంచుమించు సాటి.

తూచడానికి రాళ్ళు వుండేవి. మనం తూకపురాళ్ళు, పడికట్టురాళ్ళు అన్నట్టే హీబ్రూవాళ్ళూ తూనికను రాయి అనే అనేవారు. సంచిలో రెండు రకాల రాళ్ళు పెట్టుకోవద్దు, కొనేటప్పుడు ఒకటీ అమ్మేటప్పుడు ఒకటీ పనికిరాదని వాళ్ళ ధర్మశాస్త్రం హెచ్చరించింది. ఆ హెచ్చరిక చూస్తే ఆ విద్య అప్పటికే బాగా వృద్ధిలో వున్నట్టు తెలుస్తూనే వుంది!

ఈ తూకపురాళ్ళు యెరూషలేము, గెజెరు, లాకీషు వంటి చోట్ల మట్టిలో దొరుకుతూ వచ్చాయి. ఎక్కువభాగం సున్నపురాయివి. అడుగు చదునుగా, పైన గుండ్రంగా, బోర్లించిన చిన్న గిన్నెలా వుంటాయి. కొన్నిటి నెత్తిన పాత హీబ్రూ లిపిలో పేరు చెక్కి వుంటుంది. "బెకా" అని వున్నది అర షెకెలు. ఆ మాట బైబిలులో రెండుచోట్ల వుంది, రిబ్కా ముక్కుపోగు బరువు చెప్పేటప్పుడు ఒకసారి, నిర్గమకాండంలో ఒకసారి. రెండోచోట అది అర షెకెలని గ్రంథమే విప్పి చెప్పింది. అదృష్టవంతురాలైన మాట!

1903లో జార్జి బార్టన్ అనే అమెరికా పండితుడు యెరూషలేములో బయటపడిన ఒక చిన్న కంచు తూనికను గురించి ప్రకటించాడు. దాని మీద దాని యజమాని జెకర్యా పేరుంది. ఇంకోవైపు మూడే మూడు అక్షరాలు. పే, యోద్, మేమ్. కూడబలుక్కుంటే పీమ్! బరువు సుమారు 7.6 గ్రాములు. తర్వాత తవ్వకాల్లో ఇవే అక్షరాలతో మరిన్ని రాళ్ళు దొరికాయి. అన్నీ ఇంచుమించు అదే బరువు. అటు షెకెలు కాదు, ఇటు అర షెకెలు కాదు. సుమారు మూడింట రెండు వంతులు.

1914 ప్రాంతంలో ఈ రాళ్ళనీ ఆ వచనాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. అంతే, ముడి విడిపోయింది. పీమ్ ఆకురాయీ కాదు, నోళ్ళూ కాదు. ఒక తూనిక, ఒక ధర. కర్రుకీ పారకీ పదును పెట్టినందుకు ఒక పీమ్ వెండి. పక్కనున్న పెత్సీరాకు పదును పెట్టిన కూలి అనే అర్థం కుదిరింది. గొడ్డలి వగైరాలకు షెకెలులో మూడో వంతు అని ఆ తర్వాతి మాటల్ని కొందరు చదివారు. దాని మీద ఇంకా భేదాభిప్రాయాలున్నాయి. పీమ్ మీద లేవు.

అయినా పాత అలవాటు అంత తొందరగా పోతుందా? 1952లో వచ్చిన సవరించిన ఇంగ్లీషు అనువాదం కూలి ఒక పీమ్ అని వ్రాసింది. 1978 నాటి మరో ప్రసిద్ధ అనువాదం ఇంకాస్త విప్పి, షెకెలులో మూడింట రెండు వంతులని ధర కట్టి మరీ చెప్పింది.

ఆ ధర తక్కువా, ఎక్కువా? సౌలు నాటి కూలి రేట్లు మన దగ్గర లేవు. కాని పోలికకి ఒకటుంది. ఇంకా ఏడెనిమిది వందల యేళ్ళ ముందు బాబిలోనులో హమ్మురాబి చెక్కించిన శాసనంలో కూలివాడికి ఏడాదిలో మొదటి అయిదు నెలలూ రోజుకు ఆరు గింజల ఎత్తు వెండి, ఆ పైన అయిదు గింజలు అని వుంది. నూట ఎనభై గింజలు ఒక షెకెలు. అంటే నెలంతా చాకిరీ చేస్తే ఒక షెకెలు. వాళ్ళ షెకెలు చిన్నది, 8.3 గ్రాములు. ఆ లెక్కన పీమ్ వెండి దాదాపు నెల కూలి! కాలం వేరు, దేశం వేరు, అందుచేత ఈ లెక్కను కాటాలో పెట్టినట్టు పట్టుకోకూడదు. అయినా, ఒక్క కర్రు పదునుకి అంత వెండి అంటే ఆ రైతు కొండ ఎక్కుతూ ఏమనుకుని వుంటాడో మనం ఊహించుకోవచ్చు. కమ్మరి కూలిలా లేదది. కప్పంలా వుంది.

ఈ కథలో ఇంకో తమాషా వుంది. హీబ్రూలో రెండు నోళ్ళు అని అర్థమొచ్చే "పీ ష్నాయిమ్" అనే మాటకు మూడింట రెండు వంతులన్న భావం వుంది. జెకర్యా గ్రంథంలో ఆ అర్థంలోనే వాడారు. పీమ్ కూడా ఆ మాటకి చుట్టమే అయివుంటుందని కొందరి ఊహ. అదే నిజమైతే, నోళ్ళు అని చెప్పిన పాత వ్యాఖ్యాతల చెవి మంచిదే. వాళ్ళకి తెలియనిదల్లా బజారు సంగతి.

ఇంకొక చిక్కును దాచకూడదు. దొరికిన పీమ్ రాళ్ళు ఎక్కువగా క్రీస్తు పూర్వం 8వ శతాబ్దం నుంచి 6వ శతాబ్దం మొదటి వరకు యూదా రాజ్యంలో వాడినవి. సౌలు వాటికి చాలా ముందువాడు. కాబట్టి ఈ రాయి సౌలు కథలో ప్రతి మాటకీ సాక్ష్యం పలకదు. అది పలికే సాక్ష్యం వేరు. క్రీస్తు పూర్వం 586లో బాబిలోనువాళ్ళు యెరూషలేమును నేలమట్టం చేశారు. రాజ్యం పోయింది. రాజ్యంతోపాటు దాని తూనికలూ పోయాయి. తర్వాతి తరాలకి పీమ్ అంటే ఏమిటో తెలియదు. తెలియని మాటను కల్పించి వ్రాయలేరు కదా! అందుచేత ఆ వాక్యం వ్రాసినవాడు పీమ్ రాయిని త్రాసులో వేసి తూచిన రోజులవాడై వుండాలని కొందరు పండితులు వాదిస్తారు. సబబుగానే కనిపిస్తుంది.

నాకు మాత్రం ఈ కథలో రాయి కన్నా, రాజు కన్నా, ఎక్కువగా మనసుకు పట్టేవాళ్ళు వేరే వున్నారు. వాళ్ళు ఆ గ్రంథానికి ప్రతులు వ్రాసిన లేఖకులు.

ఆలోచించండి. అర్థం కాని మాట ఒకటి చేతిలోని ప్రతిలో వుంది. దీపం వెలుగులో వ్రాస్తున్నారు. మనమైతే ఏం చేసేవాళ్ళం? పాతవాడెవడో పొరపాటు వ్రాశాడు అని ఒక అక్షరం దిద్దేవాళ్ళం. తెలిసిన మాట ఒకటి ఇరికించి, హమ్మయ్య, ఇప్పుడు చక్కగా వుంది అనుకునేవాళ్ళం. ఆ దిద్దుబాటు ఒక్కసారి జరిగిందా, అసలు మాట ఇక ఎప్పటికీ దొరకదు. మట్టిలోంచి వెయ్యి రాళ్ళు వచ్చినా, జత కలపడానికి ఇటువైపు మాట వుండదు.

వాళ్ళు దిద్దలేదు. అర్థం కాకపోయినా ఆ మూడు అక్షరాల్నీ అలాగే దించారు. వాళ్ళ కొడుకులూ అలాగే దించారు. ఏడో శతాబ్దం మొదలు పదో శతాబ్దం దాకా తిబెరియలో మసోరెతులు అనే పండితులు అక్షరాలకు అచ్చుల గుర్తులు పెట్టారు, మాటలు లెక్కపెట్టారు. గ్రంథంలో ఒక్కసారే వచ్చే మాట పక్కన అంచులో ఒక చిన్న గుర్తు పెట్టేవారు. అది "లేత్" అనే మాటకు పొడి అక్షరం. ఇలాంటిది మరొకటి లేదు అని అర్థం. (మన "లేదు"కి చుట్టం కాదు లెండి, పోలిక కాకతాళీయం!) ఒంటిగా వుంది కదా అని చెరిపేయకండి, ఒంటిగా వుంది కాబట్టే జాగ్రత్త అని చెప్పడమన్నమాట.

పండితులు అనువదించారు, వ్యాఖ్యానించారు, ఊహించారు, తప్పారు. తప్పడం నేరం కాదు. కాని మూలాన్ని ముట్టుకోకుండా, తెలియనిదాన్ని తెలియనిదిగానే తర్వాతివాళ్ళకు అప్పగించిన ఆ పేరులేని లేఖకుల వల్లనే, చివరికి ఒక రైతు గోడు మనకి సరిగా వినిపించింది. తెలివి చేయలేని పనిని నమ్మకం చేసింది.

మరో చిన్న మాట చెప్పి ముగిస్తాను. మన పాత తెలుగు అనువాదంలోని ఆకురాయి తప్పే అనుకోండి. కాని అందులో "రాయి" మాత్రం నిజమే! రాయి సరైనదే, కాకపోతే కమ్మరి చేతిలోది కాదు, త్రాసులోది.

అన్నట్టు, మీ ఇంట్లో తాతగారి నాటి పద్దుల పుస్తకం ఏదైనా వుంటే, అందులో బేడలూ కానులూ వీశెలూ కనిపిస్తే, అర్థం కాలేదని చిత్తుకాగితాల వాడికి వేసేయకండి. అలాగే వుంచండి. అడిగేవాడు ఎప్పుడు పుడతాడో ఎవరికి తెలుసు?